నేర్పిన మరుపు

సదానందానికి యాక్టింగ్ నేర్పింది భార్య శోభే. గోదావరిఖనిలో అదేమంత కొత్త విద్య కాదు. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేసేవాడు మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. అందుకని నడుం పట్టుకుని కుంటేవాళ్లు కొందరు, కళ్లు కనబడవని గోడలు తడిమేవాళ్లు కొందరు. సదానందం మతిమరుపు ఎంచుకున్నాడు. సాయంత్రాలు శోభ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఆఫీసరయ్యేది.

"నీ పేరేంది?"

ఆయన పైకప్పుకేసి చూసేవాడు.

"ఇయ్యాల ఏం వారం?"

"తెల్వది సార్."

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో శోభకు ఎంత ఆలోచించినా అందదు. ఒకరోజు ఆయన చెప్పులు తీసి బియ్యం డబ్బాలో పెట్టాడు. "ఇంట్ల ఎందుకయ్యా గీ యాషాలు? బోర్డు ముందట ఎయ్యరాదు" అని కసిరింది. ఇంకోరోజు స్నానానికని పోయి బట్టలతోనే తడిసి వణుకుతూ నిలబడ్డాడు. అప్పుడు కూడా, అబ్బ, ఎంత బాగా చేస్తున్నాడో అనుకుంది. పిచ్చిది!

బోర్డు అన్‌ఫిట్ చేసింది. కొడుకు రుత్విక్ డ్యూటీ ఎక్కాడు. లడ్డూలు పంచారు. ఆయన మాత్రం మామూలు మనిషి కాలేదు. కరీంనగర్ తీసుకుపోతే డాక్టరు స్కానింగులు చూసి అల్జీమర్స్ అన్నాడు.

"పూర్తిగా నయమయ్యేది కాదమ్మా. ఒంటరిగా వదలకండి. మీరొక్కరే మొయ్యలేరు, ఇరుగుపొరుగుకు చెప్పండి. తలా ఒక కన్నేసి ఉంచితేనే ఈ జబ్బుతో నెగ్గుకు రాగలరు."

చెప్పింది. చెప్పక ఊరుకుంటుందా! గల్లీలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నమ్మిన పాపాన పోయినవాళ్లు ఒక్కరు లేరు. ఎదురింటి కనకవ్వ వీపు తట్టి, "గట్లనే చెప్పు బిడ్డా, రేపు ఎంక్వైరీ అస్తె మేం గూడ గదే చెప్తం" అంది. ఆయన చొక్కా జేబు మీద శోభ ఫోన్ నంబరు కుట్టి పెడితే, పక్కింటి కిషన్ దాన్ని వేలితో తడిమి, "వదినె, మస్తు అయిడియా" అని కన్ను కొట్టాడు. ఏడవాలో, తన్నాలో తెలియలేదు ఆమెకు.

ఆ ఉదయం రుత్విక్ ఫస్ట్ షిఫ్టుకు పోయాడు. శోభ పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన లేడు. కొంగు నడుముకు దోపుకుని చౌరస్తా దాకా ఉరికింది. టీ కొట్టు దగ్గర కిషన్ కనిపించాడు.

"మీ అన్నను చూసినవా?"

"గిప్పుడే పోయిండు వదినె. 'మా ఇల్లేడుంది తమ్మీ' అని నన్నే అడిగిండు! 'బోర్డు అయిపోయిందన్నా, ఇగ బందు చెయ్యి' అన్న. ఇద్దరం నవ్వుకున్నం."

"ఎటు పోయిండు?"

"మెయిన్ రోడ్డు దిక్కు."

బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు అది. "నిజంగనే పోయింది కిషన్! ఆయనకు మతి నిజంగనే పోయింది, ఎన్నిసార్లు చెప్పాలెరా మీకు!" శోభ గొంతు చించుకుని అరిచింది. టీ తాగేవాళ్లంతా ఇటు తిరిగారు. ఒకతను పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ మూతులు బిగించి నవ్వాపుకున్నారు. కిషన్ మెల్లగా, "చాలు తీ వదినె, ఈడ అందరు మనోళ్లే" అన్నాడు.

ఇక వాళ్లతో మాట్లాడి లాభం లేదు. ఆమె ఉరికింది.

బస్సు షెల్టరులో ఉన్నాడు సదానందం. కాళ్లకు చెప్పుల్లేవు. బొటనవేలు చిట్లి నెత్తురు కారుతోంది. శోభ పక్కన కూలబడి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన అటూ ఇటూ చూసి, ఆమె వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"బోర్డోళ్లు నమ్మిన్రా?"

శోభ చటుక్కున ఆయన ముఖంలోకి చూసింది. అంటే ఇదంతా యాక్టింగేనా? కనకవ్వ, కిషన్, అందరూ అన్నదే నిజమా? దేవుడా, అదే నిజం కావాలి! ఈయన తనను ఇన్నాళ్లూ ఏడిపించినా సరే, ఏమీ అనదు, ఒక్క మాట కూడా అనదు.

"నమ్మిన్రయ్యా, అందరు నమ్మిన్రు. ఇగ ఆపెయ్యి. నీ కాళ్లు మొక్కుత, ఇంటికి పోదాం పా."

ఆయన ముఖం విప్పారింది. చిన్నపిల్లాడిలా తల ఊపాడు.

"మా శోభ నేర్పింది" అన్నాడు. "ఆమె అస్తె జెర చెప్పమ్మా, నేను మంచిగ చేసిన్నని."

"చెప్త" అంది శోభ.