గుమ్మం స్కోపులో లేదు

ప్రాజెక్టు నిర్వహణలో సర్టిఫికెట్ వచ్చిన నెలకే మేనేజరుగారి తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆయన ఆస్పత్రి మంచం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచాడు.

తల్లి కోరింది ఒక్కటే. "చక్రాల కుర్చీలో తోసుకుంటూ అయినా సరే, బాత్రూమ్‌కి నా అంతట నేను పోవాలిరా. ఒకరి చేత మోయించుకోవాలంటే నాకు చచ్చేంత సిగ్గు."

ఇంత చిన్న కోరికకు ఆయన అంత పెద్ద ప్రణాళిక వేశాడు. బాత్రూమ్ మరమ్మతుకు ప్రారంభ సమావేశం పెట్టి, తాపీమేస్త్రీని సోఫాలో కూర్చోబెట్టి, పని పరిధి, అదే స్కోపు, అంటే ఏమిటో గంటసేపు వివరించాడు. మేస్త్రీ టీ తాగి, తల ఊపి వెళ్ళి, మర్నాడు రాలేదు. ఆయన ల్యాప్‌టాప్‌లో దానికి 'రిస్క్' అని పేరు పెట్టి ఎర్రరంగు పూశాడు. ఆ మర్నాడు మేస్త్రీ వస్తే ఆకుపచ్చ పూశాడు.

నిజం చెప్పాలంటే పని బాగానే సాగింది. జారని పలకలు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు, ఎత్తైన కమోడ్. ఒకరోజు ఊడవడానికి వచ్చిన భార్య గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ, ఈ గుమ్మం ఇరుకు కదా. అత్తయ్య కుర్చీ పడుతుందా?"

"గుమ్మం స్కోపులో లేదు," అన్నాడాయన తలెత్తకుండా. "ప్రణాళిక మీద అందరం సంతకం పెట్టాం, నువ్వూ పెట్టావు. మార్పు కావాలంటే రాసివ్వు, శుక్రవారం మీటింగులో చూద్దాం."

"ఆ మీటింగులో ఉండేది మనిద్దరమేగా!"

"అయినా పద్ధతి పద్ధతే."

ఆమె రాసిచ్చింది. శుక్రవారం ఆయన దాన్ని గట్టిగా చదివి, గడువు దాటిపోతుందని తిరస్కరించాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పినా వినని మనిషి మీద ఒళ్ళు మండి, ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పని గడువుకు ముందే పూర్తయింది. ఆయన ముఖం చాటంత అయింది. ఇల్లు అలకగానే పండుగ కాదని ఆయన చదివిన పుస్తకంలో లేదు కాబోలు.

తల్లి ఇంటికొచ్చింది. చక్రాలు తనే తిప్పుకుంటూ నేరుగా బాత్రూమ్‌కే వెళ్ళింది. కుర్చీ ఠక్కుమని గుమ్మానికి తగిలి ఆగింది. వెనక్కి జరిగి మళ్ళీ తోసింది. మళ్ళీ ఠక్.

"చాలా బాగా కట్టించావురా," అంది లోపల మెరుస్తున్న పలకల్ని చూస్తూ. "ఎవరికోసం?"

ఆయనకు మేస్త్రీ పెరట్లో వదిలేసిన గునపం గుర్తొచ్చి, పరుగెత్తి తెచ్చి, ద్వారబంధం మీదికి ఎత్తాడు.

"మరి ఆమోదమో?" అంది భార్య.

"ఆమోదం నేనిచ్చాలేవే," అంది తల్లి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "గునపం తర్వాత. ముందు నన్ను మోసుకెళ్ళరా, ఆగలేకపోతున్నాను."