అత్తగారి వ్యానుకు కొత్త గోడలు

అత్తగారు పిల్లల్ని బడికి చేర్చే బ్యాటరీ వ్యాను నడిపేది. ఆ వ్యానుది ఏనుగు ఒళ్లు, పిట్ట ఊపిరి. బడి ముందున్న ఎత్తు రాగానే మొరాయించేది. పిల్లలు దిగి నడవాల్సి వచ్చేది. వాన పడిన రోజున వాళ్ల బూట్లు తడిసేవి, తల్లుల నుంచి అత్తగారికి అక్షింతలు పడేవి.

కోడలు బస్సులకు బాడీ కట్టే షెడ్డులో పనిచేసేది. ఒకనాడు ఓ పలక పట్టుకొచ్చింది. అటూ ఇటూ పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో థర్మోకోల్ లాంటి గట్టి నురుగు.

"తప్పు మోటారుది కాదత్తయ్యా. ఇనుప గోడలు, ఇనుప నేల. అవి పీకేసి ఇవి వేద్దాం."

అత్తగారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తింది. "ఇదా? అట్టముక్కలా ఉంది! దీని మీద ఊళ్లోవాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టమంటావా?"

"రేకు విడిగా ఉంటే వంగుతుంది, నురుగు విడిగా ఉంటే విరుగుతుంది. అతికిస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎక్కి చూడండి."

పలకను రెండు ఇటుకల మీద పెట్టారు. అత్తగారు ఎక్కి నిలబడింది, ఓసారి గెంతింది కూడా. అది చలించలేదు.

"సరే, కానియ్" అంది, అనుమానం పూర్తిగా తీరకుండానే.

సెలవుల్లో పాత రేకులు విప్పి, కొత్త పలకలు తామే అతికించడం మొదలుపెట్టారు. మొదటి నేల పలకను బిగించబోతే ఓ మూల రేకు చాపలా లేచిపోయింది. జిగురు ఆరేటప్పుడు దాని మీద అంతటా సమంగా బరువు పడలేదు.

"మీరన్నదే నిజమైంది" అంది కోడలు. ఇక దెప్పుళ్లు తప్పవనుకుంది.

అత్తగారు మాత్రం విప్పిన ఇనుప రేకుల వైపు నడిచింది. "బరువేగా కావాల్సింది? మనకు దానికేం కరువు? ఓ చెయ్యి వెయ్యి."

ఇంకో పలకకు జిగురు పూసి, ఇద్దరూ రొప్పుతూ దాని మీద ఆ రేకులన్నీ పేర్చారు. జిగురు బాగా ఆరేదాకా అత్తగారు ఎవర్నీ ఆ దరిదాపులకు రానివ్వలేదు. ఈసారి ఉలి పెట్టి లేపినా అంచు కదల్లేదు. మిగతావీ అలాగే చేశారు. షెడ్డు మేస్త్రీ వచ్చి బిగింపులన్నీ చూసి సరేనన్నాడు.

బడి తెరిచిన రోజు ఎత్తు దగ్గర పిల్లలు అలవాటుగా లేచారు.

"కూర్చోండర్రా!" అని అత్తగారు కేకేసింది. పక్కన కోడలు సీటు అంచు పట్టుకుంది. వ్యాను నెమ్మదించింది గానీ ఆగలేదు. నిండా పిల్లలతో బడి గేటు దాకా పాకింది.

పిల్లలంతా దిగాక అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఆ వెనక తలుపు తీసేసరికి నా భుజం ఊడొస్తోంది. దాన్నీ ఇలాగే చేస్తే?"

"ఆదివారం చేద్దాం."

"ఆదివారం దాకా దేనికి? జిగురు కొనుక్కొద్దాం పద."