టైలరు కోటు

మా పెద్దమ్మకు ఒక సందేహం వచ్చిందంటే అది తీరేదాకా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. ఊళ్లో మొట్టమొదటి కిడ్నీ డాక్టరు ఆవిడే. ఆరేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, చివరికి ఆసుపత్రిలో దుప్పట్లు దాచే గది ఖాళీ చేయించి, అందులో ఒక్క డయాలసిస్ యంత్రం పెట్టించుకుంది. దానికి మొదటి నర్సును నేనే. ఇంట్లో పెద్దమ్మ, వార్డులో మేడమ్. తిట్లు మాత్రం రెండు చోట్లా ఒకటే.

మా మొదటి రోగి ఒక టైలరు. నలభై ఆరు కిలోల బక్క మనిషి. కిడ్నీలు రెండూ పోవడంతో ఒంట్లో నీరు చేరిపోయేది. యంత్రం పెట్టే ముందు బరువు చూసి, నలభై ఆరుకు పైన ఎంత ఉంటే అంత నీరు తీసేయాలి. అయిపోయాక మళ్లీ తూచాలి. ఆ తూకం పెద్దమ్మ ఎవరికీ వదిలేది కాదు. తనే వంగి ముల్లు చూసేది.

సోమవారాలు ఆయన బాగానే లేచి వెళ్లేవాడు. గురువారాలు మాత్రం చివరి తూకమయ్యాక కాటా దిగీ దిగకముందే కళ్లు తేలేసేవాడు. మూడు గురువారాలు అదే వరస. మూడోసారి బతికించడానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. సూపరింటెండెంట్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఇంకొక్కసారి ఇలా అయితే యంత్రం మూయించేస్తానమ్మా!"

మూస్తే టైలరు పది రోజులు కూడా బతకడు.

విచిత్రమేమిటంటే, లెక్క ఎక్కడా తప్పలేదు. పడిపోయిన రోజు కూడా కాటా సరిగ్గా నలభై ఆరే చూపించింది.

"సోమవారం లేనిది గురువారం ఏముందే?" అని పెద్దమ్మ పళ్లు తోముకుంటూ కూడా అడిగేది. గొట్టాలన్నీ విప్పించింది. మందునీళ్లు మళ్లీ కలిపించింది. ఏమీ దొరక్క, నాలుగో గురువారం పొద్దున్నే నన్ను లాక్కుని టైలరు కొట్టుకు వెళ్లి, స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన తాగే ప్రతి గుక్కా రాసుకుంది. పాపం, ఆయన దాహమేసినా గ్లాసు ముట్టడానికి జంకాడు.

మధ్యాహ్నం ఆయన అల్లుడు కాగితం కోయడానికి పెద్ద కత్తెర అందుకున్నాడు. టైలరు చటుక్కున లాక్కున్నాడు.

"గుడ్డ కోసే కత్తెరతో కాగితం కోస్తావా బాబూ? పదును పోదూ?" అంటూ దాన్ని తుడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మా వైపు తిరిగి, "నేను లేనప్పుడు ఇది వీళ్లకి వదలను డాక్టరమ్మా. సోమవారం కొట్టుకు సెలవు కాబట్టి ఇంట్లో బీరువాలో ఉంటుంది" అన్నాడు.

పెద్దమ్మ కలం ఆగిపోయింది. "మీరు కోటుతోనే కాటా ఎక్కుతారు కదూ?"

"మీ గది చలి కదమ్మా. పడుకునేటప్పుడు విప్పుతా, లేవగానే తొడుక్కుంటా."

పక్క కిరాణా కొట్లో తూయిస్తే కత్తెర తొమ్మిది వందల గ్రాములుంది. యంత్రానికి ముందూ అది జేబులోనే, తర్వాతా జేబులోనే. కాటా నలభై ఆరు చూపించేసరికి అసలు మనిషి నలభై ఐదే. దాదాపు కిలో నీరు ఆయన ఒంట్లోంచి అన్యాయంగా తోడేశాం. నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మ మాత్రం ఆ కొట్టు ముందే నిలబడి ఏడ్చింది.

సూపరింటెండెంట్ దగ్గర ఆవిడ నీళ్లు నమలలేదు. "యంత్రం మంచిదే సార్. కోటు విప్పమని అడగనిది నేను. ఈ పూట చూశాక మీ ఇష్టం."

ఆ పూట టైలరు కోటు తీసేసి, వణుకుతూ కాటా ఎక్కాడు. నాలుగు గంటల తర్వాత తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లాడు. సూపరింటెండెంట్ గుమ్మంలో నిలబడి చూసి, "సోమవారం కూడా నడపండమ్మా" అని వెళ్లిపోయాడు.

తర్వాత ఆ ఒక్క యంత్రం పన్నెండైంది, గది వార్డైంది. పెద్దమ్మ కిడ్నీ మార్పిడులు చేయించింది, పతకాలు తెచ్చుకుంది. టైలరు ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు. చివరి ఏడాది చేతులు వణికి గుడ్డ కోయలేకపోయాడు. ఒక గురువారం కోటు విప్పి, లోపలి జేబులోంచి కత్తెర తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

"మీ దగ్గరే ఉంచండి డాక్టరమ్మా. కాగితాలు మాత్రం కోయకండి."

ఇప్పుడు పెద్దమ్మ రిటైరైంది, వార్డు నేను చూస్తున్నాను. రోజూ పొద్దున్నే రోగులకంటే ముందు కాటా మీద ఆ కత్తెర పెట్టి, ముల్లు సరిగ్గా తొమ్మిది వందల దగ్గర ఆగిందో లేదో చూస్తాం. దాంతో ఇంతవరకూ ఎవరం ఒక్క దారప్పోగు కూడా కోయలేదు.