తిమ్మక్క కలుపు పాట

పెనుకొండ కాలేజీ నుంచి వచ్చిన అశ్విని ఆ సాయంత్రం పుస్తకాల సంచిని నేల మీదకు విసిరేసింది.

"నేనింక కాలేజీకి పోనుమా," అంది.

తిమ్మక్క చేతిలోని చేట పక్కన పెట్టింది. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఊళ్ళో అంతవరకు చదివిన ఆడపిల్ల మరొకతె లేదు.

"ఏమాయ? ఎవరన్నా ఏమన్నా అనిరా?"

"అనల్యా. పాడతాండారు. బస్సెక్కితే సాలు, నా పక్కకి తిరిగి ఆ పాటే పాడతారు."

"ఏం పాట?"

తల్లి మళ్ళీ మళ్ళీ అడిగితే, అశ్విని ముఖం పక్కకు తిప్పుకుని సన్నగా ఒక చరణం పాడింది. 'నా పక్కకెపుడొచ్చునే, ఓ వదినా' అని ఉంది అందులో. తర్వాతి మాటలు ఇంకా మోటు.

ఆ మాటలు తిమ్మక్క ఎన్నడూ వినలేదు. కానీ ఆ వరస ఆమెది. ఆమె తల్లి నేర్పిన కలుపు పాట అది.

మబ్బు లేచె మడకశిర మీన,
మా సేనికెపుడొచ్చునే, ఓ వదినా.

పాడే మనిషి ఆ రెండు ముక్కలూ అనగానే వరసలో వంగి కలుపు తీసే ఆడవాళ్ళందరూ 'వచ్చునే వదినా, వచ్చునే' అని అందుకుంటారు. రెండేళ్ళ కింద, తొంభై అయిదులో, హిందూపురం నుంచి ఉదయ్ కుమార్ అనే ఆర్కెస్ట్రా ఆయన టేపురికార్డరు పట్టుకుని శనక్కాయ చేనికి వచ్చాడు. పల్లె పాటలు పోతున్నాయి, దాచిపెడతాం అన్నాడు. తిమ్మక్క సంతోషంగా పాడింది. ఆయన దాచిపెట్టింది వరసను మాత్రమే.

"నువ్వు కాలేజీకి పో," అంది తిమ్మక్క. "ఆ పాట సంగతి నేను సూస్తా."

ఆమె భర్త నరసప్ప గడప మీద కూర్చుని అంతా విన్నాడు. "ఊరూరా పాడే పాటని ఎట్ల ఆపుతావు? ఒక పాట కోసరం తిరుగుతావా?"

"పాట కోసరమే కాదు. బిడ్డ కోసరం."

మరుసటి సోమవారం తిమ్మక్క కూలికి పోకుండా హిందూపురం బస్సెక్కింది. పట్టుగూళ్ళ మార్కెట్టు దాటాక ఒక క్యాసెట్ల అంగడి, దాని మిద్దె మీద ఉదయ్ కుమార్ గది. ఆయన ఆమెను గుర్తుపట్టి కుర్చీ వేసి టీ తెప్పించాడు.

"నీ పాట యాడికి పోయినా అడుగుతాండారక్కా. బెంగళూరులో కూడా పాడినాం. క్యాసెట్ కూడా ఏసినాం, బస్సుల్లో అదే మోగుతాండాది."

"పాట నాది. మాటలు నావి కావప్పా. ఆ మాటలు తీసెయ్యి."

ఉదయ్ కుమార్ నవ్వాడు. "ఆ మాటలకే ఈలలేస్తారక్కా. వాన, మబ్బు, కలుపు అంటే ఎవరు కూర్సుంటారు?"

"ఎవరూ కూర్సోకుంటే అప్పుడు నన్నడుగు. ఒక్కసారి నాతో పాడిచ్చి సూడు."

ఆమె రాదనే ధైర్యంతో ఆయన సరేనన్నాడు. వచ్చే వారం పెనుకొండలోనే ప్రోగ్రాం ఉందని, ధైర్యముంటే రమ్మని చెప్పాడు.

తిమ్మక్క అశ్వినిని వెంటబెట్టుకుని వెళ్ళింది. స్టేజి ఎక్కింది. కానీ చేనిలో ఇరవై ఏళ్ళు పాడిన గొంతుకు ఆ స్టేజి అంతుపట్టలేదు. ముందు కీబోర్డు మోగింది, దాని వెనక డ్రమ్ములు మోగాయి. ఎక్కడ అందుకోవాలో తెలియక ఆమె నిలబడిపోయింది. తీరా అందుకుంటే శ్రుతి తనకన్నా పైన ఉంది. రెండో చరణానికి గొంతు చీలిపోయింది. కుర్రకారు గోల చేశారు. ఉదయ్ కుమార్ మైకు మెల్లగా తీసుకుని తన మాటలతో అదే వరస పాడాడు. జనం ఎగిరి గంతేశారు.

ఊరికి తిరిగి పోతున్నప్పుడు అశ్విని తన తల్లి చెయ్యి పట్టుకుంది. "వద్దుమా. నేను కాలేజీకి పోతాలే. వాళ్ళు పాడితే పాడనీ. నువ్వు మాత్రం ఇంకోసారి అట్ల నిలబడద్దు."

తిమ్మక్క తల అడ్డంగా ఊపింది. "నిలబడతా. పాటలో తప్పు ల్యా. నాకు ఆడ పాడేది రాల్యా. రాకుంటే నేర్చుకుంటా."

ఆ రోజు కీబోర్డు వాయించిన మనిషి పేరు జాన్. ప్రోగ్రాం అయ్యాక ఆమెకు ఎదురుపడి, "తప్పు నాదక్కా. నీ గొంతు సూసుకోకుండా శ్రుతి ఎత్తినా," అని తల దించుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని తిమ్మక్క తర్వాతి ఆదివారం హిందూపురంలో అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. చర్చిలో ప్రార్థన ముగించుకుని అప్పుడే వచ్చిన జాన్, అతని భార్య రూతమ్మ, గుమ్మంలో ఆమెను చూసి ఆశ్చర్యపోయారు.

"నాకు నేర్పియ్యప్పా," అంది తిమ్మక్క.

జాన్ మొదట తనకు తెలిసిన పద్ధతిలోనే నేర్పబోయాడు. కీబోర్డు మీద ఎనిమిది లెక్కలు వాయిస్తాను, తొమ్మిదో దానికి అందుకో అన్నాడు. మూడు ఆదివారాలు గడిచినా ఆమెకు లెక్క నిలవలేదు. ఏడుకో, పదికో అందుకునేది. నాలుగో ఆదివారం వంటింట్లోంచి చూస్తున్న రూతమ్మ విసుక్కుంది.

"ఆయమ్మ నీ యెనక యాల రావల్ల? సేన్లో ఆయమ్మకి ముందర ఎవరు వాయించిరి? నువ్వే ఆయమ్మ యెనక పో."

జాన్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. తిమ్మక్క కళ్ళు మూసుకుని ఒంటిగొంతుతో మొదలుపెట్టింది. ఆమె వంగి లేచే ఊపు ఆ పాటలోనే ఉంది. జాన్ ఆ ఊపు పట్టుకుని, ఆమె శ్రుతి వెతుక్కుని, మెల్లగా కింద నుంచి వచ్చి కలిశాడు. పాట ముగిశాక రూతమ్మ ముగ్గురికీ అన్నం పెట్టింది.

ఇంకా రెండు నెలలు తిమ్మక్క ఆదివారాలు అక్కడే గడిపింది. తనతో కలుపు తీసే కుళ్ళాయమ్మను, వెంకటలక్ష్మమ్మను కూడా వెంట తెచ్చుకుంది. అందుకునే గొంతులు లేకుండా ఆ పాట సగమే.

ఉగాదికి ధర్మవరంలో నేతగాళ్ళ సంఘం వాళ్ళు ఆర్కెస్ట్రా పిలిచారు. తిమ్మక్కను పాడించాలని జాన్ అడిగితే ఉదయ్ కుమార్ ఒప్పుకోలేదు. "పెనుకొండలో సూడల్యా?" అన్నాడు.

"సూసినా. ఆయమ్మ పాడకుంటే నేనూ రాను," అన్నాడు జాన్.

ఆ సమయానికి ఇంకో కీబోర్డు మనిషి దొరకడు. జనం చేరకముందే, పొద్దుండగానే, మొదటి పాటగా పాడించి దించేస్తానని ఉదయ్ కుమార్ ఒప్పుకున్నాడు.

ఎండ ఇంకా తగ్గలేదు. ముందు వరసల్లో మగ్గాల పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు, పక్కన కొందరు కుర్రాళ్ళు. వరస వినగానే కుర్రాళ్ళు క్యాసెట్ మాటలు అందుకున్నారు. తిమ్మక్క పాట ఆపింది.

"అబ్బయ్యలారా, ఈ పాట మాయమ్మ పాడింది," అంది మైకులో. "వానల్యాక సగం ఇత్తనాలు ఇంట్లోనే ఉండిపోయిన ఏడు, ఏడిస్తే పని సాగదని పాడింది. ముందర ఇది ఇనండి. ఇన్నాక మీకు నచ్చింది పాడుకోండి."

మళ్ళీ మొదలుపెట్టింది. కుళ్ళాయమ్మ, వెంకటలక్ష్మమ్మ వెనక నుంచి అందుకున్నారు. జాన్ వాళ్ళ వెనకే నడిచాడు. మూడో చరణానికి ముందు వరసలోంచి కూడా 'వచ్చునే వదినా' అని సన్నగా వినిపించింది. కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కూర్చుని విన్నారు.

పాట అయ్యాక సంఘం పెద్ద భార్య కౌసల్యమ్మ స్టేజి దగ్గరికి వచ్చి ఉదయ్ కుమార్‌ను పిలిచింది. "పాట బాగుండాది. ఆ క్యాసెట్ మాటలు మాత్రం మా ఆడపిల్లోళ్ళ ముందర వద్దప్పా."

ఆ రోజు ఉదయ్ కుమార్ ఆ మాటలు పాడలేదు. వేరే ఊళ్ళలో పాడాడు. ఆ క్యాసెట్ బస్సుల్లో ఇంకో ఏడాది పైగా మోగింది. కానీ తర్వాతి సంవత్సరం జాన్ తన స్నేహితులతో కలిసి తిమ్మక్క పాటలతో వేరే క్యాసెట్ చేశాడు. అట్ట మీద ముగ్గురు ఆడవాళ్ళ పేర్లూ ఉన్నాయి. ధర్మవరంలో మగ్గాల దగ్గర అదే ఎక్కువగా వినిపించేది. అశ్విని ఇంటర్ పాసై అనంతపురంలో డిగ్రీలో చేరింది.

తిమ్మక్కకు మాత్రం ఆ ఉగాది సాయంత్రం వేరే కారణానికి గుర్తుండిపోయింది. ఆమె స్టేజి దిగుతుంటే ఒక ముసలామె చెంగు పట్టుకుని ఆపింది. పుట్టిల్లు మడకశిర పక్క అమరాపురమట.

"ఒక సరణం ఇడిసిపెట్టినావు కదమ్మా," అంది.

"ఏ సరణం అవ్వా? మాయమ్మ ఇంతే సెప్పింది."

ముసలామె ఆమెను స్టేజి వెనక రాతి మీద కూర్చోబెట్టుకుని చెవి దగ్గర పాడింది. వచ్చే మబ్బుకు నాగలి కట్టే చరణం అది.

వచ్చిన మబ్బు వంక దాటి పాయె,
మల్ల మబ్బుకి మడక కడదామే, ఓ వదినా.

ముందర ఆర్కెస్ట్రా సినిమా పాట ఎత్తుకుంది. డ్రమ్ముల మోతలో మాటలు సరిగా వినబడటం లేదు. తిమ్మక్క ముసలామె నోటి దగ్గరికి వంగింది.

"ఇంకోసారి సెప్పవ్వా," అంది. "తప్పు లేకుండా నేర్చుకుంటా."