మెట్ల మీది అడుగులు

పొద్దున్నే వెబ్‌సైట్లబ్బాయి కంప్యూటరు ముందు కూర్చునేసరికే మెట్ల మీద సందడి మొదలైపోయేది. అబ్బాయి అనడం వీధివాళ్ల అలవాటే గానీ, చెవుల దగ్గర జుట్టు నెరిసి చాలాకాలమైంది. అతను చేసిన పేజీని ఎక్కడ ఎవరు తెరిచినా, వాళ్ల అడుగుల చప్పుడు అతని మెట్ల మీద వినపడేది. మనుషులు కనపడరు, చప్పుడొక్కటే. దూరాన ఉన్న ఓ పెద్ద కంపెనీకి పనిచేస్తున్నాడాయె, లక్షల అడుగులు దడదడా ఎక్కి, అతని గది దాటి డాబా మీదికి పోయేవి.

కింద ఉండే ఇల్లుగలావిడకి ఇందులో వింతేమీ లేదు. మెట్లు అరిగిపోతున్నాయన్నదే ఆవిడ గోల. సిమెంటు పుయ్యడానికొచ్చిన మేస్త్రీ కూడా ఓసారి వంగి చూసి, పెద్ద కంపెనీయే అయ్యుంటుందంటూ తాపీ అందుకున్నాడు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే. అంతమందిలో అతని గుమ్మం ముందు ఆగినవాడు ఒక్కడు లేడు. కొత్తలో ప్రతి చప్పుడుకీ లేచి తలుపు తీసేవాడు, పాపం. ఖాళీ మెట్లు చూసీ చూసీ విసిగి మానేశాడు. సరుకులు కూడా కిటికీలోంచి బుట్ట దించి పైకి లాక్కునేవాడు. ఒకసారి జ్వరంతో పడుంటే, గోడవతల అంత జనం నడుస్తున్నా గ్లాసుడు మంచినీళ్లిచ్చే దిక్కు లేకపోయింది. ఆ రోజు దుప్పటి ముసుగులో ఏడ్చాడు.

అతనికి నాలుగు మాటలు చెప్పే మనిషంటూ ఉంటే, ఎదురుకొట్లో గొడుగులు బాగుచేసే ముసలాయనే. వారానికోసారి వీధి దాటి వెళ్లి ఆయన స్టూలు మీద కూర్చునేవాడు. వానలు మొదలయ్యే ముందు ఒకరోజు ముసలాయన, గొడుగు ఊచ వంచుతూ, ఈసారి కూడా బేరాల్లేకపోతే కొట్టు మూసేసి చెల్లెలింటికి పోతానన్నాడు. ఈగలు తోలుకోడానికి అక్కడైతే నీడైనా ఉంటుందన్నాడు. అతను స్టూలు ముందుకి జరుపుకున్నాడు. ఈయన కూడా పోతే తనతో మాట్లాడేదెవరు?

"నేనో పేజీ చేసిపెడతాను బాబాయ్" అన్నాడు.

చేశాడు. ఫోనంటే తనకి చిరాకనీ నంబరు పెట్టొద్దనీ ముసలాయన అంటే, కొట్టు ఫొటో, వేళలు, అడ్రసు పెట్టాడు. పేజీ బయటికెళ్లిన రోజునుంచీ, ఆ దడదడ మధ్యలోనే కొత్త అడుగులు వినపడసాగాయి. నిదానంగా ఎక్కి, సరిగ్గా అతని తలుపు ముందు ఆగి, కాసేపుండి దిగిపోయేవి. జనం చూస్తున్నారని మురిసిపోయాడు తప్ప లేవలేదు. లేచి మాత్రం చూసేదేముంది?

వారం తిరిగాక ఆ మాట చెబుదామని వెళ్తే, ముసలాయన గొడుగు పిడులన్నీ మూట కడుతున్నాడు.

"ఎవరూ రాలేదు నాయనా. రేపు బస్సెక్కేస్తాను."

అతను స్టూలు మీద కూర్చోకుండానే తిరిగాడు. కాళ్లీడ్చుకుంటూ వెనక్కొస్తే ఇల్లుగలావిడ చీపురుతో అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, వానలో తడుస్తూ వచ్చి బోర్డు లేని తలుపు చూసి తిరిగిపోతున్నారు. ఒక్కసారైనా తియ్యవా? చూడు, మెట్లన్నీ బురద!"

బురదా? పేజీ చూసేవాళ్ల అడుగులకి మెట్లు అరుగుతాయి గానీ, బురద ఎన్నడూ అంటలేదు. రెండేసి మెట్లు ఎక్కి వెళ్లి పేజీ తెరిచాడు. ఈ పని చేసేవాళ్లకో అలవాటుంది. పేజీ కుదిరిందో లేదో చూసుకోడానికి ఖాళీల్లో ముందు సొంత వివరాలే నింపుకుంటారు, ఆనక తీసేస్తారు. అడ్రసు దగ్గర అతను తియ్యడం మరిచాడు. ముసలాయన బేరాలన్నీ వారంరోజులుగా తన గుమ్మంలోకొచ్చి, వెనక్కి పోయాయన్నమాట.

నెత్తి కొట్టుకునేలోపే తలుపు ముందు అడుగులాగాయి. ఈసారి తీశాడు.

ఊచలు విరిగిన గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడుంది. "గొడుగులు బాగుచేసేది ఇక్కడేనాండీ?"

ఎన్నేళ్లయింది ఆ గుమ్మంలో ఒక మొహం చూసి!  అతను, ఇక్కడ కాదని చెప్పి, దగ్గరుండి వీధి దాటించాడు. ముసలాయన మూట విప్పి పటకారు తీశాడంతే.

ఆ సాయంత్రమే అడ్రసు సరిచేశాడు. ఆ పేజీ చూస్తున్నవాళ్లవి కాబోలు, గుమ్మం ముందు తచ్చాడుతున్న నాలుగైదు అడుగుల చప్పుళ్లు వెనక్కి తిరిగి, మెట్లు దిగి, వీధి దాటి వెళ్లిపోయాయి. ఇక మిగిలినవి ఎవరికోసమూ ఆగని లక్షలే. అతను మంచమ్మీద కూర్చుని వాటిని విన్నాడు. ఇంత ఒంటరితనం జ్వరంలో కూడా తెలియలేదు. లేచి, ఇక పని చెయ్యనని కంపెనీకి రాసేసి, కంప్యూటరు చంకలో పెట్టుకుని వీధి దాటాడు. మర్నాడు మెట్ల మీద చప్పుడు లేక ఇల్లుగలావిడ మధ్యాహ్నం హాయిగా కునుకు తీసింది.

ఇప్పుడు కొట్లో మూల కూర్చుని తాళాలు బాగుచేసేవాడికీ, కుట్టుమిషనావిడకీ పేజీలు చేస్తున్నాడు. రాబడి అంతంతమాత్రం. బయట వాన పడుతోంది. కనపడని అడుగొకటి లోపలికొచ్చి, నిలబడి, వెళ్లింది. ముసలాయన తలెత్తకుండానే స్టూలు తుడిచాడు.

"వస్తారంటావా బాబాయ్?"

"కుంటి అడుగు కదా. నిదానంగా వస్తార్లే."

చాలాసేపటికి వీధి మలుపులో, చిరిగిన గొడుగు కింద ఒకాయన కుంటుకుంటూ కనిపించాడు. అతను తలుపు తియ్యడానికి గబుక్కున లేచాడు. ఆ కొట్టుకి పగలు తలుపే ఉండదని గుర్తొచ్చి, వానలోకి ఎదురెళ్లాడు.