రెండో బిస్కెట్టు

రూలీన్ బౌకెకి రెండో బిస్కెట్టు ఇవ్వడం నేను కళ్లారా చూశాను.

మా డచ్చి ఊరు ఫ్రానెకర్‌లో కాఫీకి ఒక్క బిస్కెట్టు. డబ్బా చాపుతారు, ఒకటి తీసుకుంటాం, మూత పడిపోతుంది. మేయరొచ్చినా అంతే. ఏళ్ల తరబడి రూలీన్ చేతి కాఫీ తాగుతున్నాను, నాకు ఏనాడూ రెండోది రాలేదు, రావాలని నేను అనుకోనూ లేదు. అలాంటిది నిన్నగాక మొన్న వచ్చిన ఈ పెద్దమనిషి డబ్బాని తన చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. మూత బార్లా తెరిచి ఉంది. "ఇంకోటి తీసుకో బౌకె," అంటోంది రూలీన్ నవ్వుతూ. అతను మొహమాటానికైనా వద్దనలేదు.

మా చర్చి వెనక హాల్లో ప్రతి నెలా మొదటి శనివారం రిపేరు రోజు. ఊళ్లోవాళ్లు పాడైన టోస్టర్లూ, చిరిగిన కోట్లూ, ఆగిపోయిన గడియారాలూ పట్టుకొస్తారు, మేం ఊరికే బాగుచేసి పెడతాం. వస్తువు బాగైతే గుమ్మం పక్కనున్న పాత ఓడ గంట కొట్టాలి. హాలంతా చప్పట్లు కొడుతుంది. కాఫీ బల్ల రూలీన్‌ది, కంప్యూటర్ల బల్ల నాది. నా పేరు వీప్కె. హైస్కూల్లో కంప్యూటర్లు చూసుకుని రిటైరైనదాన్ని.

రూలీన్ నాకు హాల్లో స్నేహితురాలు మాత్రమే కాదు. ప్రతి మే నెలలో ఇద్దరం సైకిళ్లను పడవెక్కించుకుని ఫ్లీలాండ్ దీవికి పోతాం. వారం రోజులు గాలికి ఎదురు తొక్కుతాం, తడుస్తాం, తిట్టుకుంటాం, రాత్రి బఠాణీ సూపు తాగి పది కాకుండానే పడుకుంటాం. మిగతా ఏడాదంతా నేను ఆ వారం కోసమే బతుకుతానంటే నవ్వుతారేమో, నవ్వండి. ఈసారి జనవరిలో గది సంగతి ఎత్తితే, "చూద్దాంలే," అంది రూలీన్. రూలీన్ చూద్దాంలే అనే మనిషి కాదు. అవుననైనా అంటుంది, కాదనైనా అంటుంది.

ఈ చూద్దాంలేలన్నీ బౌకె వచ్చాకే మొదలయ్యాయని నా లెక్క. దీవులకు వెళ్లే పడవల మీద జీవితమంతా పనిచేసి, ఆకురాలే కాలంలో మా ఊరు చేరాడు. కంప్యూటర్లు కూడా తెలుసన్నాడు. తెచ్చి నా పక్కనే బల్ల వేశారు.

నా పద్ధతి నాది. ముట్టుకోకముందే ఒక ప్రశ్న అడుగుతాను: "ఇది మొదలవక ముందు ఏం మారింది?" సగం రోగాలు ఆ జవాబులోనే ఉంటాయి. ఆ తర్వాతే పరీక్షలు. కీబోర్డు పరీక్ష పెడితే తెరమీద కీబోర్డు బొమ్మ వస్తుంది. నొక్కిన ప్రతి మీటా ఆ బొమ్మలో పచ్చబడాలి. పచ్చబడనిది చచ్చినట్టు. మౌస్ బాణం గీత వెంబడి గెంతకుండా నడవాలి. తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు ఒకదాని తర్వాత ఒకటి వేసి మచ్చల కోసం వెతకాలి. ఇంతా చేసి అనుమానం మిగిలితే వేరే కీబోర్డు, వేరే మౌస్ తగిలించి చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది దొంగో ఎప్పటికీ తేలదు.

బౌకె కూడా ఇవే పరీక్షలు చేస్తాడు. కానీ చేస్తున్నంతసేపూ తుపానులూ, వాంతులూ, తాగుబోతు కెప్టెన్లూ కథలుగా దొర్లుతుంటాయి. జనం అతని బల్ల ముందు బారులు తీరుతున్నారు. నా బల్ల దగ్గర కుర్చీలు ఖాళీ. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా?

ఫిబ్రవరి శనివారం రూలీన్ తన లాప్‌టాప్ పట్టుకొచ్చింది. లేచి చోటు చేశాను. ఆమె నా బల్ల దాటి పోయి బౌకె ముందు పెట్టింది.

"రాస్తుంటే ఉన్నట్టుండి తెర నల్లబడిపోతోంది," అంది. "మీటలు పలకవు, మౌస్ కదలదు. విసుగొచ్చి చెయ్యి తీసేస్తే కాసేపటికి దానంతటదే వస్తుంది."

"అలుగుతోందన్నమాట," అన్నాడు బౌకె. "మా పడవలో రేడియో కూడా అంతే. కెప్టెన్ నాలుగు తిడితేగానీ నోరు విప్పేది కాదు."

రూలీన్ కిలకిలా నవ్వింది. అందులో అంత నవ్వేంత ఏముందో నాకైతే తెలియలేదు. నేను ఎవరిదో ప్రింటరు విప్పుతున్నట్టు నటిస్తూ ఒక కన్ను అటే వేసి ఉంచాను. ఉన్నమాట చెప్పుకోవాలి, అతను పని సరిగ్గానే చేశాడు. మీటలన్నీ పచ్చబడ్డాయి. బాణం చక్కగా నడిచింది. తెరలో ఒక్క మచ్చ లేదు. మూతని ముందుకీ వెనక్కీ వంచి చూసినా తెర రెప్ప వేయలేదు. అప్పుడు లేచి వెళ్లి గంట కొట్టాడు.

"అదేంటి?" అన్నాను. "బాగుచేస్తేనే గంట."

"బాగున్నదానికి కొట్టకూడదా టీచరమ్మా?"

హాలంతా గొల్లుమంది. రూలీన్ కూడా నవ్వింది. ఆ తర్వాతే ఆ రెండో బిస్కెట్టు.

ఆ నెలంతా నేను రూలీన్‌కి ఫోన్ చేయలేదు. ఆమె చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేశాను. తనే అడుగుతుందిలే ఏమైందని, అనుకున్నాను. అడగలేదు.

మార్చి శనివారం లాప్‌టాప్ మళ్లీ వచ్చింది. ఇంట్లో అదే జబ్బట. నాకు లోపల చక్కెర పంచినట్టయింది. ఇప్పుడేమంటాడో చూద్దామని చెవులు రిక్కించాను. బౌకె లాప్‌టాప్ తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"ఇది నావల్ల కాదు వీప్కె," అన్నాడు. "నీకు దొరుకుతుందేమో చూడు."

వేళాకోళం లేదు, ఏమీ లేదు. మనిషి మంచివాడు కాకపోయినా బాగుండేది, కనీసం హాయిగా తిట్టుకునేదాన్ని.

నేను నా విద్యంతా చూపించాను. పరీక్షలన్నీ చేశాను. నా కీబోర్డు, నా మౌస్ తగిలించాను. పెద్ద తెరకి వైరు కలిపాను. విండోస్ లేవకముందే, యంత్రంలో పుట్టుకతో ఉండే పరీక్షలు కూడా నడిపించాను. అన్నీ పాస్. మధ్యాహ్నమంతా దానికి రోగమన్నదే రాలేదు. నేను చేయనిది ఒక్కటే, ఆ మొదటి ప్రశ్న అడగలేదు. అడగాలంటే కాఫీ బల్ల దాకా నడిచి రూలీన్ మొహం చూసి మాట్లాడాలి. నేను అలకలో ఉన్నాను కదా.

చివరికి ఆమే వచ్చింది. "ఏం తేలింది?"

"ఇక్కడ బాగానే ఉంది. ఇంట్లో చూడాలి."

రూలీన్ డైరీ తీసింది. "గురువారం పదిన్నర?"

"సరే," అన్నాను, పెద్ద ఇష్టం లేనట్టు.

గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. అంతకు ముందురోజే ఫ్లీలాండ్‌లో మేం దిగే ఇంటావిడకి ఫోన్ చేసి, మా గది ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. బౌకె కనిపెట్టలేని జబ్బు నేను కనిపెడతాను, రూలీన్ "నువ్వు నువ్వేనే" అంటుంది, ఆ ఊపులో మే నెల మాట ఎత్తుతాను. దారిపొడుగునా ఇదే ఆలోచన.

రూలీన్ కాఫీ ఇచ్చింది. సాసరు మీద ఒక దాల్చినచెక్క బిస్కెట్టు ముందే పెట్టి ఉంది. కిటికీ పక్క బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. మీటలు పచ్చ. బాణం తిన్నగా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు. రోగం లేదు, మందు లేదు. ఇక దారి లేక, ఊరందరినీ అడిగే ప్రశ్న అడిగాను.

"ఇది మొదలవక ముందు ఏం మారింది రూలీన్?"

"ఏం మారలేదు," అంది కిటికీ వైపు చూస్తూ.

"ఏదో మారింది. హాల్లో రాదు. నేనుంటే రాదు. నువ్వొక్కదానివే ఉంటే వస్తుంది. నేను లేననుకుని, రోజూ ఎలా కూర్చుంటావో అచ్చం అలాగే కూర్చుని రాయి."

"అచ్చం అలాగేనా?"

"అచ్చం అలాగే."

రూలీన్ మెడ దాకా ఎర్రబడింది. లేచి వంటింటి గూట్లోంచి ఏదో తీసి ఎడమ చేతికి పెట్టుకుంటూ వచ్చింది. నీలం రంగు సన్నని పడవతాడుతో అల్లిన బ్రేస్‌లెట్. రెండు కొసలకీ వెండి బిళ్లలు. దగ్గరికి తెస్తే చాలు, వాటంతటవే టక్కున అతుక్కున్నాయి.

కూర్చుంది. మణికట్టు లాప్‌టాప్ అంచున ఆనించి రాయడం మొదలుపెట్టింది. రెండో వాక్యంలో తెర నల్లబడింది. మీటలు చచ్చాయి, మౌస్ చచ్చింది. చెయ్యి ఎత్తింది. కాసేపటికి తెర వెలిగింది. మళ్లీ ఆనించింది. మళ్లీ చీకటి.

"అయస్కాంతం!" అన్నాను. నిజానికి అరిచాను. "మూత వేస్తే ఇది ఎలా పడుకుంటుందనుకున్నావు? మూతలో చిన్న అయస్కాంతం ఉంటుంది. సరిగ్గా ఇక్కడ, నీ ఎడమ చేతి కింద, దాన్ని పసిగట్టే ముక్క ఉంటుంది. నీ చేతిది తగలగానే మూత పడిందనుకుని నిద్రపోతోంది. మీటలకీ మౌస్‌కీ తెరకీ ఏ జబ్బూ లేదు."

దొరికింది. బౌకెకి దొరకనిది నాకు దొరికింది. గంట ఉంటే ఊరంతా వినపడేలా కొట్టేదాన్ని. ఆ సంబరం ఒక గుక్క కాఫీ తాగేంతసేపు నిలిచింది.

"ఎవరిచ్చారే అది?" అన్నాను, తెలిసే.

"బౌకె. తనే అల్లాడు."

"హాల్లో ఎందుకు పెట్టుకోవు?"

"నీ మొహం చూడలేక," అంది రూలీన్. "అతని బల్ల వేసిన రోజే మొహం ముడుచుకున్నావు, అతను బిస్కెట్టు తీసుకున్నందుకు నెల్లాళ్లు మాడ్చుకున్నావు. ఇది చూస్తే ఇంకేమైనా ఉందా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "మామూలు కొక్కెం దొరకలేదా ఆ పెద్దమనిషికి? యంత్రాల మనిషై ఉండి అయస్కాంతమా?" అన్నాను.

రూలీన్ తన చేతులు బల్ల మీద పెట్టింది. బొటనవేళ్ల మొదట్లో వాపు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఆమె కప్పు అందించేటప్పుడు ఆ చేతులు నేను ప్రతి నెలా చూస్తూనే ఉన్నాను.

"కొక్కెం పట్టవు ఈ వేళ్లు," అంది. "చలికాలం నుంచీ ఇంతే. పొద్దున బొత్తాలు పెట్టుకోడానికే యుద్ధం. సైకిలు బ్రేకు నొక్కలేను."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"జనవరిలో చెబుదామనుకున్నా. నువ్వు అప్పటికే ఏ గుట్ట ఎక్కాలో, ఎటు తొక్కాలో చెప్పుకుపోతున్నావు. నోరు రాలేదు. ఆ తర్వాత నువ్వు మాట్లాడితేగా!"

"మరి అతనికెలా తెలిసింది?"

"డిసెంబరులో బిస్కెట్ల డబ్బా మూత రాక నేను తంటాలు పడుతుంటే చూశాడు. వచ్చి తీసిపెట్టాడు. వేళ్లు నొప్పా అని అడిగాడు. అప్పట్నుంచీ ప్రతిసారీ తనే తీసిపెడుతున్నాడు."

డబ్బా అతని చేతుల్లో ఎందుకుందో, మూత బార్లా ఎందుకు తెరిచి ఉందో అప్పుడు తెలిసింది. అడగడం! ఊళ్లో ప్రతి డొక్కు కంప్యూటరు గురించీ ఏమైందని నేను అడుగుతూనే ఉంటాను. అతను అడిగాడు, నేను అడగలేదు. తెలిశాక కుళ్లు తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు, రెట్టింపైంది.

"అయితే ఫ్లీలాండ్..." అన్నాను.

రూలీన్ నా కళ్లలోకి చూసింది. ఆమె చూద్దాంలే అనే మనిషి కాదని ముందే చెప్పాను. "దీవిలో బస్సుందట. బౌకెకి అక్కడ అందరూ తెలుసు. మే నెలలో తనతో వెళ్తున్నా వీప్కె. నువ్వూ రా."

నువ్వూ రా. ప్రతి ఏడూ నేను తీసుకెళ్లే చోటికి.

"చూద్దాంలే," అన్నాను.

ఆమె బ్రేస్‌లెట్ విప్పింది. తీసి పక్కన పెడుతుందనుకున్నాను. కుడి చేతికి పెట్టుకుంది.

"ఈ చేతికైతే ఫరవాలేదా? చూడు."

పరీక్ష పరీక్షే. మణికట్టు ఆనించి రాయమన్నాను. ఒక వాక్యం, రెండు, అర పేజీ. తెర వెలుగుతూనే ఉంది. ఎంతసేపు చూసినా వెలుగుతూనే ఉంది.

"ఫరవాలేదు," అన్నాను.

రూలీన్ వంటింట్లోకి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "మూత తియ్యవే," అంది. గట్టిగా బిగుసుకుని ఉంది, నా వేళ్లే నొప్పి పుట్టాయి. టప్పుమని వచ్చింది.

"ఇంకోటి తీసుకో," అంది, ఆ రోజు బౌకెతో అన్నట్టే, అదే గొంతుతో.

తీసుకున్నాను. తిన్నాను. చాలా బాగుంది. దానికే నాకు మరీ మండింది.

వచ్చేటప్పుడు డబ్బా మూత గట్టిగా నొక్కలేదు. ఊరికే పైన ఆనించి వచ్చాను, బౌకె వచ్చి తీయాల్సిన పని లేకుండా.