మార్కెట్ వార్తలు చదవడం వరకే

ప్రతి సోమవారం టీ విరామంలో క్యాంటీన్‌లో నిలబడి మార్కెట్ వార్తలు పైకి చదవడం నా ఉద్యోగంలో ఒక భాగం. మాది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. నేను సిబ్బంది వ్యవహారాలు చూస్తాను. మా వాళ్ల రిటైర్మెంట్ డబ్బు ఒక ఫండు కంపెనీ దగ్గర ఉంటుంది. వడ్డీ రేట్లు ఎటు పోతున్నాయో, షేర్లు ఎందుకు పడ్డాయో ఆ కంపెనీ వారం వారం యాజమాన్యానికి రాసి పంపుతుంది. అది యాజమాన్యాల కోసం రాసింది. డబ్బు కార్మికులది కాబట్టి వాళ్లకూ వినిపించాల్సిందేనని మా మేనేజరు పట్టుబట్టాడు. మంచి ఉద్దేశమే. చదివి నోరు నొప్పెట్టేది తనకి కాదు కాబట్టి ఎన్ని మంచి ఉద్దేశాలైనా పెట్టుకోవచ్చు.

కంపెనీ లాయరు దానికో షరతు పెట్టాడు. చదవాలి, అంతే. వివరించకూడదు, సలహా ఇవ్వకూడదు. "ఇప్పుడేం చేయమంటారు" అని ఎవరైనా అడిగితే తల కూడా ఊపకూడదు. నా మాట విని ఎవరైనా నష్టపోతే కేసు కంపెనీ మెడకి చుట్టుకుంటుందట.

అలా అర్థమైనా కాకపోయినా గడగడా చదివేసేదాన్ని. "ద్రవ్యోల్బణం ఇంకా అదుపులోకి రాలేదు" అన్నానంటే జిగురు సెక్షన్ నుంచి ఒకతను అందుకునేవాడు.

"మా బావమరిది పొట్టలాంటిదన్నమాట. పెరగడమే గానీ తగ్గడం తెలీదు."

అందరూ నవ్వేవాళ్లు. ఫండులో రెండు రకాలున్నాయి. షేర్లలో పెట్టేది ఒకటి, వడ్డీ మాత్రం వచ్చేది ఇంకొకటి. మా వాళ్లు మొదటిదానికి 'ఎగిరేది' అనీ రెండోదానికి 'కూర్చునేది' అనీ పేర్లు పెట్టుకున్నారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే మూడు నెలలకోసారి ఒక వారం పాటు అవకాశం ఇస్తారు. ఆ వారం దాటితే మళ్లీ మూడు నెలలు ఆగాలి.

మా మామయ్య డబ్బంతా ఎగిరేదాంట్లో ఉండేది. మామయ్య అంటే మా అమ్మ సొంత తమ్ముడు. కటింగ్ మెషీన్ మీద పనిచేస్తాడు. నాన్న పోయాక నన్ను చదివించిందీ, ఈ ఫ్యాక్టరీలో చేర్పించిందీ ఆయనే. క్యాంటీన్‌లో మాత్రం "మేడమ్‌గారూ" అంటూ లేచి నిలబడి నన్ను ఏడిపించేవాడు. ఏళ్ల తరబడి మెషీన్ ముందు నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇక నిలబడే పని మానెయ్యమని డాక్టరు గట్టిగా చెప్పాడు. వచ్చే ఏడాది మొదట్లో రిటైరవుదామని ఆశపడ్డాడు. ఆ ఆశంతా ఆ ఫండు మీదే.

అప్పుడే మార్కెట్లు పడడం మొదలుపెట్టాయి. ఒక సోమవారం ఆ పడడాన్నే "దిద్దుబాటు" అని చదివాను. తర్వాతి సోమవారం "తీవ్ర ఒడిదొడుకులు" అని చదివాను. జిగురు సెక్షన్ అతను జోకులు మానేశాడు. టీ చల్లారిపోతున్నా ఎవరూ తాగేవాళ్లు కాదు. అందరూ నా మొహంలోకి చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది, వాళ్ల మీద కాదు, ఆ కాగితం మీద. "దీర్ఘకాలిక దృష్టి అవసరం" అని ఉంటుంది దాంట్లో. మోకాళ్లు అరిగినవాడికి ఎంత దీర్ఘకాలమో రాయరు.

అదే సమయంలో అమ్మకి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. నా ఫండులోంచి కొంత తీయక తప్పలేదు. వైద్యానికి తీసుకోవాలంటే ముందు కూర్చునేదాంట్లోకి మార్చాలన్నది నిబంధన. అప్పుడు ఆ మారే వారమే నడుస్తోంది, మార్చాను. అమ్మ నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

"తమ్ముడికి మాత్రం చెప్పకు. తెలిస్తే వాడి డబ్బు మొత్తం తీసి నా చేతిలో పెడతాడు. వాడి మోకాళ్లు నాకు తెలుసు."

నేను చెప్పలేదు. జీతాల గుమస్తాకి మాత్రం తెలియకుండా ఎలా ఉంటుంది? మార్పు కాగితాలన్నీ అతని చేతుల మీదుగానే పోవాలి. ఫ్యాక్టరీలో అతన్ని 'రేడియో' అంటారు. వైద్యం కాగితాలు నేరుగా ఫండు కంపెనీకే పోతాయి కాబట్టి ఆపరేషన్ సంగతి అతనికీ తెలియదు. తెలిసినంత మటుకు మధ్యాహ్నానికల్లా అన్ని సెక్షన్లకీ ప్రసారమైపోయింది. మేడమ్ తన డబ్బు కూర్చునేదాంట్లోకి మార్చేసిందట.

ఆ సాయంత్రం గేటు దగ్గర మామయ్య నా కోసం ఆగాడు. మొహం వెలిగిపోతోంది.

"నాకు అర్థమైంది చిట్టీ. నేనూ మార్చేస్తున్నా. సంతకం ఒక్కటే బాకీ, రేపు పెట్టేస్తా."

"ఏమర్థమైంది మామయ్యా?"

"నువ్వు నోటితో చెప్పకూడదు. అందుకని చేసి చూపించావు. ఆ మాత్రం తెలుసుకోలేనంత మొద్దునా నేను? జిగురోళ్లకి కూడా చెప్పాను, మా మేనకోడలు సైగ చేసిందని."

"నా సంగతి వేరు మామయ్యా" అన్నాను.

"వేరేముంది? ఆ కాగితాలన్నీ చదివేది నువ్వేగా" అని నవ్వుతూ నా తల నిమిరాడు. కుంటుకుంటూ బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లాను. నన్ను చూసి ఎవరూ మారొద్దని ఒక్క మాట చెప్పనివ్వమని అడిగాను.

"మారొద్దంటే అదీ సలహానే కదమ్మా. మీరలా అన్నాక ఇంకా పడితే?"

పెరుగుతుందో పడుతుందో నాకు నిజంగానే తెలియదు. నాకు తెలిసిందల్లా నేను మార్చింది అమ్మ గుండె కోసమని మాత్రమే. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. మామయ్యతో చెప్పేస్తానన్నాను, బతిమాలాను, చివరికి ఏడ్చాను.

"చెప్పావంటే నేను ఆపరేషన్ చేయించుకోను" అంది అమ్మ. అన్నంత పనీ చేసే మనిషే.

కటింగ్ మెషీన్ దాకా వెళ్లాను. మామయ్య చెవులకి రక్షణ పెట్టుకుని పనిలో ఉన్నాడు. నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు. సంతకం పెట్టేశాడని అర్థమైంది. ఆ హోరులో నేనేం చెప్పినా వినపడదు. వినపడినా ఏం చెప్పాలి?

ఆ వారం గడిచి అవకాశం మూసుకుపోయింది. తర్వాతి సోమవారం మార్కెట్లు లేచాయి. ఆ పై వారం ఇంకా లేచాయి. "మదుపుదారుల్లో మళ్లీ ఉత్సాహం" అని చదువుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. నన్ను నమ్మి పడ్డ ధరకే మారిపోయినవాళ్లంతా తలలు వంచుకుని కూర్చున్నారు. ఒక్కరు కూడా నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

మామయ్య రిటైర్మెంట్ రెండేళ్లు వెనక్కి జరిగింది. ఇంకా పనిలో కొనసాగించమన్న ఆయన అర్జీ మీద నేనే ముద్ర వేశాను. ఆయన మాత్రం నన్ను ఓదార్చాడు.

"నువ్వేం చేస్తావే, మార్కెట్టు ఎవరి మాట వింటుంది గనక. ఉద్యోగం పోతుందని తెలిసీ నా కోసం సైగ చేశావు. నాకది చాలు."

ఆ మాట పట్టుకునే రోజూ మెషీన్ ముందుకి వెళ్లేవాడు. ఇంటి దగ్గర అత్తయ్యతో కూడా అదే చెప్పుకుని పొంగిపోయేవాడట.

అమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తర్వాత ఇక దాచలేక అమ్మే తమ్ముడికి కబురు పెట్టింది. డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. మంచం పక్కన కూర్చుని అక్కని తిట్టాడు, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఖర్చు ఎక్కడిదని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది.

"దాని ఫండులోంచి తీసింది. అందుకే అదేదో దాంట్లోకి మార్చాల్సి వచ్చిందట" అంది.

మామయ్య నా వైపు తిరిగాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను.

"అయితే నువ్వు నాకు సైగేం చెయ్యలేదన్నమాట" అన్నాడు.

"లేదు మామయ్యా."

డబ్బు పోయినప్పుడు కూడా ఆయన మొహం అలా వాడిపోలేదు. అక్క దుప్పటి సరిచేశాడు. మంచం అంచు పట్టుకుని మెల్లగా లేచాడు.

"డ్యూటీకి టైమైంది" అన్నాడు.

బస్సు దాకా వస్తానన్నాను. వద్దన్నాడు.